మైకు కనపడకూడదు, మాట పోకూడదు

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా పెద్దమ్మ చేత పాత కబుర్లు చెప్పించి వీడియో తీశాను. ఎనభై దాటిన మనిషి. ధాన్యం కొలతలు, గొడ్డూగోదా, బావులు తవ్వించిన రోజులు అన్నీ ఆమెకు నోటిమీదే ఉన్నాయి. ఫోనును స్టాండుకు బిగించి ఆరేడు అడుగుల దూరంలో నిలబెట్టాను. కింద కొత్తగా పరిచిన టైల్సు, పైన తిరుగుతున్న ఫ్యాను, పెరట్లో బోరు మోటారు. ఎదురుగా కూర్చుని విన్న నాకు ప్రతి మాటా తెలిసింది. ఆ రాత్రి వీడియోలోని మాటలను అక్షరాల్లోకి మార్చమని కంప్యూటర్‌కి ఇస్తే గడ్డివాము గడివాము అయింది, పేడ పేద అయింది, కుంచం కొంచెం అయింది. ఆమె ఆగి ఊపిరి తీసుకున్న చోట, ఫ్యాను రొద ఒక్కటే మిగిలిన చోట, ఆమె అననే అనని వాక్యాలు రెండు ఊడిపడ్డాయి.

మర్నాడు కాలర్ మైకు సంపాదించి పమిటకు తగిలించాను. అక్షరాలు చాలావరకు సరిగ్గా వచ్చాయి. కానీ మనిషి మారిపోయింది. మాటిమాటికీ ఆ నల్లటి గుండీ వైపు చూసుకుంటూ, ‘అనగా’, ‘కావున’ అంటూ రేడియోలో వార్తలు చదువుతున్నట్టు మాట్లాడింది. మొదటి రోజు పెద్దమ్మ దొరికింది, మాటలు పోయాయి. రెండో రోజు మాటలు దొరికాయి, పెద్దమ్మ పోయింది.

వీడియోకూ స్పీచ్ రికగ్నిషన్‌కూ కలిపి ఒక మైకు కొనాలనుకునే వాళ్లంతా ఈ రెండు రోజుల మధ్య ఎక్కడో ఇరుక్కునే ఉంటారు. పాఠాలు రికార్డు చేసే మాస్టారు, వంటల చానెల్ నడిపే గృహిణి, పల్లె కథలు పోగుచేసే పరిశోధకుడు, వేళ్లు నొప్పెట్టి నోటితో రాసుకునే రచయిత, అందరి కోరికా ఒకటే: మైకు ఉన్నట్టు తెలియకూడదు, ఒక్క అక్షరం కూడా పోకూడదు. ఈ రెండు కోరికలూ ఎదురెదురుగా లాగుతాయి. యంత్రానికి మైకు నోటి దగ్గరుండాలి. మనిషికి అది ఎక్కడా ఉండకూడదు. దొరికే సరుకులో ఏది ఎంతవరకు ఈ రెంటినీ కలుపుతుందో చూడడమే ఈ సమీక్ష ఉద్దేశం.

దూరం చేసే నష్టం

శబ్దానికి ఒక మోటు లెక్క ఉంది. నోటికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపైన ప్రతిసారీ నేరుగా అందే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. నోటికి జానెడు కింద, ఛాతీ మీద ఉన్న మైకుకు నోరు సుమారు 20 సెంటీమీటర్ల దూరం. ఎదురుగా రెండు మీటర్ల అవతల ఉన్న ఫోనుకు అది పది రెట్లు. అంటే ఫోనుకు అందే గొంతు 20 డెసిబెల్స్ తక్కువ. ఫ్యాను చప్పుడు మాత్రం రెండు మైకులకూ ఇంచుమించు ఒకే మోతాదులో చేరుతుంది. ఎంత ఖరీదైన మైకు కొన్నా దూరం పోగొట్టిన ఆ 20 డెసిబెల్స్‌ను తిరిగి ఇవ్వలేదు.

గది చేసే నష్టం ఇంకొకటి. పది పన్నెండు అడుగుల గదిలో టైల్స్ నేల, బోసి గోడలు, కర్టెన్లు లేని కిటికీలు ఉంటే, నోటికి అడుగున్నర దూరం దాటకముందే నేరుగా వచ్చే గొంతుకన్నా గోడలు తిప్పికొట్టిన గొంతు ఎక్కువైపోతుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి ఇది తెలియదు. మనకు రెండు చెవులూ, వాటి వెనక ఒక మెదడూ ఉన్నాయి కాబట్టి ప్రతిధ్వనిని తీసి పక్కన పెట్టేస్తాం. ఒంటి మైకుకు ఆ తెలివి లేదు. అందుకే ‘నాకు బాగానే వినపడిందే’ అన్న మాట రికార్డింగు విషయంలో ఎప్పుడూ సాక్ష్యం కాదు.

పాత చిక్కే

మైకును దాచాలన్న తాపత్రయం మాట్లాడే సినిమా పుట్టిన రోజు నుంచీ ఉంది. 1932లో మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చిన కాలంలో మాటా పాటా బొమ్మతో పాటే సెట్లోనే రికార్డయ్యేవి. నటుడి గొంతు అందేంత దగ్గరగా, కెమెరాకు కనపడనంత దూరంగా మైకు ఉండాలి. ఆ తిప్పలను 1952 నాటి హాలీవుడ్ చిత్రం ‘సింగిన్ ఇన్ ది రెయిన్’ కడుపుబ్బ నవ్వించేలా చూపించింది. అందులో మైకును మొదట పొదలో దాస్తారు, తర్వాత హీరోయిన్ దుస్తుల్లో కుడతారు. చివరికి ఆమె మెడలోని ముత్యాల చప్పుడు హాలంతా మోగుతుంది. మన సినిమా తర్వాత్తర్వాత ఈ ముడిని విప్పలేదు, డబ్బింగ్ థియేటర్లోకి వెళ్లి పక్కకు తప్పుకుంది.

టీవీ వాళ్లకు ఆ వెసులుబాటు లేదు. తొలిరోజుల్లో మైకును దండలా మెడలో వేలాడదీసేవారు. ‘లావలియర్’ అన్న పేరు మెడలో వేసుకునే పతకం నుంచి వచ్చిందే. దాన్ని చొక్కా గుండీ అంతకు కుదించింది ఎలెక్ట్రెట్. 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ విద్యుత్తును తనలోనే దాచుకునే పలచని పొరతో మైకు తయారుచేశారు. దాంతో కండెన్సర్ మైకు పొరను చార్జి చేయడానికి బయటి నుంచి పెద్ద వోల్టేజీ ఇవ్వాల్సిన పని తప్పింది, ధర దిగింది, సైజు తగ్గింది. 2000 తర్వాత సిలికాన్ మీద చెక్కే మెమ్స్ మైకులు వచ్చి ఫోన్లలో, ఇయర్‌బడ్స్‌లో కూర్చున్నాయి. ఈనాడు చిన్నగా తయారుచేయడం సమస్య కానే కాదు. చిన్నదాన్ని ఎక్కడ పెట్టాలన్నదే సమస్య.

దొరికే రకాలు

కెమెరాలో, ఫోనులో ఉండే మైకు అందరికన్నా మర్యాదస్థురాలు: ఎవరి కంటా పడదు, ఎవరినీ ఇబ్బంది పెట్టదు. చేతిలో పట్టుకుని మాట్లాడితే అది తెలుగును చక్కగా పట్టుకుంటుంది. స్టాండు మీదికి వెళ్లిందంటే పైన చెప్పిన లెక్కకు బలి. పైగా ఫోను తనంతట తానే శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. మనిషి ఆగగానే ఫ్యాను రొద పొంగుకొస్తుంది.

కెమెరా నెత్తిన పెట్టే పొడుగు మైకు, షాట్‌గన్, చాలామందిని పేరుతోనే మోసం చేస్తుంది. తుపాకీలా గురిపెడితే దూరపు మాటను లాక్కొస్తుందనుకుంటారు. అది లాగదు, పక్కల నుంచి వచ్చే శబ్దాన్ని తగ్గిస్తుంది, అంతే. ఆరుబయట దాని పని బాగుంటుంది. ఇరుకు గదిలో గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం కూడా ముందువైపు నుంచే దూరుతుంది కాబట్టి దాని ఉపయోగం సగానికి సగం పోతుంది. సినిమావాళ్లు దాన్ని కర్రకు కట్టి నటుడి తలపై రెండడుగుల ఎత్తులో పట్టుకోవడం ఊరికే కాదు. ఇంట్లో ఒక్కడే వీడియో తీసుకునేవాడికి ఆ కర్ర పట్టేవాడు ఎక్కడ దొరుకుతాడు? అయితే మనిషి కదలకుండా కూర్చుంటే, ఫ్రేముకు కాస్త పైన స్టాండు నుంచి వేలాడదీయవచ్చు. ఒంటి మీద ఏమీ లేకుండా మంచి శబ్దం కావాలంటే ఇదొక్కటే దారి.

బల్లకు అతుక్కున్నట్టుండే బౌండరీ మైకు మీటింగులకు మంచిది. పైకి లేచి కనపడదు. కానీ కప్పు పెట్టినా, కాగితం తిప్పినా, బల్ల మీద చెయ్యి వేసినా అది మాటకన్నా పెద్దగా వినపడుతుంది.

నోటికి అతి దగ్గరగా ఉండేది హెడ్‌సెట్. 1997లో వచ్చిన డ్రాగన్ నేచురల్లీస్పీకింగ్ అనే డిక్టేషన్ సాఫ్ట్‌వేర్ పెట్టెలోనే హెడ్‌సెట్‌ను పెట్టి అమ్మింది. మైకు బుగ్గ దగ్గరుంటేనే తన మాట నిలబడుతుందని దాన్ని తయారుచేసినవాళ్లకు తెలుసు. తల ఎటు తిప్పినా దూరం మారకపోవడం దీని బలం. కెమెరా ముందు మాత్రం కాల్ సెంటర్‌లా కనపడుతుంది. దీనికి మర్యాదైన రూపం చెవికి తగిలించుకునే సన్నటి తీగ మైకు. కంట్రీమన్ ఇ6 లాంటివి చర్మపు ఛాయల్లో దొరుకుతాయి, నాలుగడుగుల దూరం నుంచి చూస్తే కళ్లకు ఆనవు. ప్రవచనకారులకు, నాట్యం చేస్తూ మాట్లాడేవారికి ఇది సరైనది. ధర ఎక్కువ, తీగ సున్నితం.

ఇయర్‌బడ్స్‌తో పనైపోతుంది కదా అనేవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. బ్లూటూత్‌లో పాట వినేటప్పుడు ఒక పద్ధతి, మైకు వాడేటప్పుడు మరో పద్ధతి నడుస్తాయి. మైకు తెరవగానే చాలా జతల్లో శబ్దం పాత ఫోను కాల్ స్థాయికి, మహా అయితే దానికి రెట్టింపు స్థాయికి పడిపోతుంది. చిన్న చిన్న డిక్టేషన్‌కు సరిపోతుంది, దాచుకోదగ్గ వీడియోకు కాదు.

మరి అమెజాన్ ఎకో గది అవతల నుంచి పిలిచినా పలుకుతుంది కదా? 2014లో వచ్చిన ఆ పరికరంలో ఏడు మైకులున్నాయి. అవన్నీ కలిసి గొంతు ఏ వైపు నుంచి వస్తోందో లెక్కకట్టి అటు చెవి పెడతాయి. అయినా అది వినాల్సింది ‘పాట పెట్టు’, ‘అలారం ఆపు’ లాంటి రెండు ముక్కలు. గంటసేపు సాగే పల్లె కథ వేరే పరీక్ష.

ఇక మిగిలింది కాలర్ మైకు. టీవీ స్టూడియోలు దశాబ్దాలుగా దీన్నే పట్టుకుని ఉండడానికి కారణం దాని తీరే. దూరం మారదు, చేతులు ఖాళీగా ఉంటాయి, దాచే వీలుంది. వీటిలో ఎక్కువ భాగం అన్ని వైపుల నుంచీ ఒకేలా వినే రకం. ఒకే వైపు వినే కార్డియాయిడ్ కొంటే రొద తగ్గుతుందని ఆశ పడతారు గానీ, అది బట్ట రాపిడికి ఎక్కువ బెదురుతుంది, మనిషి తల తిప్పితే గొంతు రంగు మారుతుంది, బట్ట కింద దాస్తే పనే చెయ్యదు. దాచాలంటే అన్ని వైపులా వినేదే కొనాలి.

వైరా, వైర్‌లెస్సా

చాలామంది తెలుగు యూట్యూబర్ల చేతికి మొదట వచ్చిన మైకు బోయా బీవై-ఎం1. ఆరు మీటర్ల వైరు, ఒక గుండీ బ్యాటరీ, వెయ్యి రూపాయలకు అటూ ఇటూ ధర. దీన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. ఛాతీ మీది వెయ్యి రూపాయల మైకు, కెమెరా మీది పదివేల మైకును అక్షరాల లెక్కలో సునాయాసంగా ఓడిస్తుంది. డీపీఏ, శాంకెన్ లాంటి సినిమా స్థాయి మైకులు పదుల వేలు పలికేది బట్ట కింద కూడా తేటగా వినడానికి, చెమటకు తట్టుకోవడానికి, మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల లావులో ఒదగడానికి.

వైరు మైకు కొనేవారు ప్లగ్గు మీది నల్లగీతలు లెక్కపెట్టాలి. రెండుంటే కెమెరాకు, మూడుంటే ఫోనుకు. తప్పు ప్లగ్గు పెడితే ఫోను చప్పుడు చేయకుండా తన సొంత మైకుతోనే రికార్డు చేసుకుపోతుంది, మనకు సాయంత్రం గానీ తెలియదు. అందుకే మొదలుపెట్టే ముందు మైకు తలను గోటితో మెల్లగా గీకి, రికార్డయిన ముక్కను వినాలి. గరగర పెద్దగా వినపడితే మైకు పని చేస్తున్నట్టు.

వైర్‌లెస్‌లో 2019లో రోడ్ వైర్‌లెస్ గో వచ్చి దారి మార్చింది. మైకూ ట్రాన్స్‌మిటరూ కలిసి ఒక చిన్న చదరపు బిళ్లలో ఇమిడాయి. ఆ బిళ్ల చొక్కా మీద నల్లగా కొట్టొచ్చినట్టు కనపడేది. ఆ తర్వాతి పోటీ అంతా బరువు తగ్గించడం మీదే సాగింది. హాలీల్యాండ్ లార్క్ ఎం2, డీజేఐ మైక్ మినీ పది గ్రాముల దగ్గరికి దిగాయి. పది గ్రాములైతే చీర పమిట కూడా జారదు.

ఇవన్నీ దాదాపుగా 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. మన దేశంలో ఈ తరంగాలకు లైసెన్సు అక్కర్లేదు, అందుకే వైఫై, బ్లూటూత్ కూడా అక్కడే కిక్కిరిసి ఉన్నాయి. మనిషి శరీరంలోని నీరు ఈ తరంగాలను మింగేస్తుంది. ట్రాన్స్‌మిటర్‌ను నడుముకు వెనక దాచి, కెమెరా వైపు ముఖం పెట్టి మాట్లాడితే మాట మధ్యమధ్య తెగుతుంది. పెట్టె మీద రాసిన వంద, రెండు వందల మీటర్లు మైదానంలోని లెక్క, పెళ్లి మండపంలోనిది కాదు. చూసేవాడికి తెగిన అరక్షణం పెద్ద నష్టం కాదు, సందర్భం పట్టి అతుక్కుంటాడు. యంత్రానికి అక్కడ ఒక ప్రత్యయం పోతుంది, ‘వచ్చాడు’ కాస్తా ‘వచ్చా’ అవుతుంది. కాబట్టి వైర్‌లెస్ కొంటే ట్రాన్స్‌మిటర్‌లోనే విడిగా రికార్డు చేసుకునే రకం కొనడం మేలు. రోడ్ వైర్‌లెస్ గో 2, డీజేఐ మైక్ 2 లాంటివాటిలో ఆ వసతి ఉంది. గాలిలో తెగినా జేబులో భద్రంగా ఉంటుంది. అసలు గాలితో పనే వద్దనుకుంటే జూమ్ ఎఫ్2, టాస్కామ్ డీఆర్-10ఎల్ లాంటి అగ్గిపెట్టెకు అన్నదమ్ముల్లాంటి రికార్డర్లున్నాయి. కాలర్ మైకును వాటికి గుచ్చి జేబులో వేసి, మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టి, తర్వాత ఆ చప్పట్ల దగ్గర బొమ్మకూ శబ్దానికీ ముడివేయడమే.

ఇద్దరు మాట్లాడుకునే వీడియో అయితే రెండు మైకులను రెండు వేర్వేరు ట్రాకుల మీద రికార్డు చేయాలి. చాలా పరికరాలు మొదట్లో రెంటినీ కలిపేసే సెట్టింగుతో వస్తాయి. దాన్ని మార్చడం మరిచిపోతే ఎవరి మాట ఎవరిదో విడదీయడం యంత్రం తరం కాదు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విచారణను యంత్రంతో అప్పటికప్పుడు అక్షరాల్లో చూపించడం మొదలుపెట్టినప్పుడు కూడా, ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడితే చిక్కొస్తుందని ప్రధాన న్యాయమూర్తే గుర్తుచేశారు. న్యాయవాదులకే తప్పని చిక్కు మన ఇళ్లలో అత్తాకోడళ్ల ముచ్చట్లకు తప్పుతుందా!

యంత్రం ఏం వింటుంది

మైకు పెట్టెల మీద ‘20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు’ అని గొప్పగా రాస్తారు. మాటను అక్షరం చేసే యంత్రాల్లో చాలావాటికి అందులో సగం కూడా అక్కర్లేదు. 2022లో ఓపెన్‌ఏఐ విడుదల చేసిన విస్పర్, ఏ రికార్డింగు ఇచ్చినా దాన్ని ముందు సెకనుకు 16,000 నమూనాలకు దించుకుంటుంది. అంటే 8 కిలోహెర్ట్జ్ పైనున్నదంతా పారేస్తుంది. కాబట్టి ‘స్టూడియో నాణ్యత’కు పెట్టే అదనపు డబ్బు వీడియో చూసేవాడి చెవికోసమే, యంత్రం కోసం కాదు. అయితే 8 కిలోహెర్ట్జ్ లోపలిది మాత్రం పూర్తిగా కావాలి. పాత ఫోను లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్యనే పంపేది. ‘స’కారపు బుసలో ఎక్కువ భాగం దానికి పైన ఉంటుంది. అందుకే ఫోనులో పేరు చెప్పేటప్పుడు ‘ఎస్ ఫర్ సన్, ఎఫ్ ఫర్ ఫాదర్’ అని విడమర్చుకుంటాం.

తెలుగుకు తనవైన గండాలున్నాయి. ‘గడి’కీ ‘గడ్డి’కీ తేడా నాలుక ఎంతసేపు మూసిపట్టిందన్నదే. ఆ క్షణపు ఖాళీని గది ప్రతిధ్వని నింపేస్తే ద్విత్వం మాయమవుతుంది. మా పెద్దమ్మ గడ్డివాముకు పట్టిన గతి అదే. ‘పలు’, ‘పాలు’ల హ్రస్వదీర్ఘాలు, ‘కల’, ‘కళ’ల ల-ళలు, ‘పడి’, ‘బడి’ల సరళ పరుషాలు, ఇవన్నీ సెకనులో పదోవంతో ఇరవయ్యోవంతో కాలంలో తేలిపోయే తేడాలు. పైగా మన క్రియ చివర ఎవరు, ఎప్పుడు, ఎంతమంది అన్నదంతా ఒకే మాటలో అతుక్కుని ఉంటుంది. చివరి అక్షరం తప్పితే మాట మొత్తం తప్పు లెక్కే. తెలుగు మాటల చివర్లను మనం మింగేస్తాం కూడా. దూరపు మైకుకు మొదట పోయేది ఆ చివరే.

యంత్రం ఏ తెలుగు విని పెరిగిందన్నదీ ముఖ్యమే. గూగుల్ 2017లో తెలుగు వాయిస్ టైపింగ్ తెచ్చింది. 2018లో మైక్రోసాఫ్ట్ తెలుగు, తమిళం, గుజరాతీ మాటల నిధిని పరిశోధకులకు ఇచ్చింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ జనం చేత మాట్లాడించి తెలుగు సేకరించింది. కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణిని మొదలుపెట్టింది. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ సిద్ధం చేసిన ‘శ్రుతిలిపి’ అనే నిధి ఆకాశవాణి వార్తల నుంచి తీసింది. ఈ సంగతి తెలిశాక నాకు మా పెద్దమ్మ రెండో రోజు మాటలు గుర్తొచ్చాయి. ఆ రోజు అక్షరాలు సరిగ్గా రావడంలో మైకు వాటా ఎంత, ఆమె ఎత్తుకున్న వార్తల భాష వాటా ఎంత? వార్తల తెలుగు యంత్రానికి అలవాటైన తెలుగు. ఇంటి తెలుగుకు, మాండలికానికి అంత చనువు లేదు. కాబట్టి మాండలికం రికార్డు చేసేవాడికి మైకు ఇంకా దగ్గరుండాలి, ఇంకా కనపడకుండా ఉండాలి.

రొదను తుడిచేసే బటన్ల మాటకు వస్తే, చూసేవాడికి అవి హాయి, యంత్రానికి తరచూ చేటు. ఫ్యానుతో పాటు హల్లుల అంచులను కూడా చెరిపేస్తాయి. మాటలేని చోట యంత్రం సొంతంగా కల్పించడం ఇంకో జబ్బు. ఇంగ్లిష్ రికార్డింగుల మీద అమెరికాలో పరిశోధకులు చేసి 2024లో ప్రచురించిన పరిశీలనలో విస్పర్ ఇచ్చిన ముక్కల్లో సుమారు ఒక శాతంలో ఎవరూ అనని మాటలు కనిపించాయి. ఒక శాతమే కదా అనుకోవచ్చు, ఆ ఒక శాతం వీలునామా మాటల్లో పడితే? అందుకని శుభ్రం చేయని అసలు ఫైలును విడిగా ఉంచుకోవాలి. యంత్రానికి దాన్నే ఇవ్వాలి. వచ్చిన అక్షరాలను మనిషి ఒకసారి వింటూ చదవాలి.

దాచడంలో చేతివాటం

మగవారి చొక్కాకు రెండో గుండీకీ మూడో గుండీకీ మధ్య పట్టీ లోపల మైకును అతికించడం పాత పద్ధతి. మెడికల్ షాపులో దొరికే కాగితపు టేపు రెండు ముక్కలను జిగురు బయటికి వచ్చేలా మూడుమూలలుగా మడిచి, మైకును మధ్యలో శాండ్‌విచ్‌లా పెట్టి, ఒక వైపు ఒంటికి, ఒక వైపు బట్టకు అంటించాలి. ఒళ్లూ బట్టా మైకూ మూడూ కలిసి కదిలితే రాపిడి ఉండదు. మైకు కింద వైరును చిన్న చుట్టగా చుట్టి దాన్నీ టేపు చేస్తే, నడిచినప్పుడు లాగుడు ఆ చుట్టలోనే ఆగుతుంది.

చీరకు మైకును పమిట మీద పెట్టడం నేను చేసిన తప్పు. పమిట కదిలే బట్ట. మైకు జాకెట్టు మెడ అంచుకు లోపల ఉండాలి, పమిట దాని మీది నుంచి వెళ్లాలి. పట్టుచీర గరగరలాడుతుంది, నూలుచీర మాట వింటుంది, సింథటిక్ చిటపటమంటుంది. అన్నిటికన్నా పెద్ద శత్రువు మెడలోనిది. నల్లపూసలు, పుస్తెలతాడు మైకుకు తగిలిన ప్రతిసారీ, డెబ్భై ఏళ్ల నాటి ఆ సినిమా హీరోయిన్ ముత్యాలే మళ్లీ మోగుతాయి. తీసేయమని అడిగే వస్తువులు కావవి. మైకునే ఒక బెత్తెడు పక్కకు, భుజం వైపు జరపాలి. అన్ని వైపులా వినే మైకు కాబట్టి పెద్దగా నష్టం ఉండదు.

ఛాతీ మీద పెట్టిన మైకుకు గడ్డం నీడ పడుతుంది. గొంతులో 3, 4 కిలోహెర్ట్జ్ దగ్గరి తేటదనం తగ్గుతుంది, రొమ్ము గూటిలోని గుంయిమనే స్వరం కాస్త పెరుగుతుంది. వీడియో కోసం ఎడిటింగ్‌లో సరిచేసుకోవచ్చు. యంత్రం అలా రంగు మారిన గొంతును చాలావరకు భరిస్తుంది. అది భరించలేనిది రాపిడి, ప్రతిధ్వని, తెగిపోవడం. బట్ట కింద దాచి కొద్దిగా మూసుకుపోయిన గొంతు, దూరం నుంచి తేటగా తీసిన గొంతుకన్నా దానికి నయం.

గదికి చేయాల్సినది మైకుకన్నా చౌక. ఫ్యాను ఆపాలి, లేదా మెల్లగా తిప్పాలి. నేలమీద బొంత పరవాలి. కెమెరాకు కనపడని గోడకు రెండు దుప్పట్లు వేలాడదీయాలి. కుక్కరు దించాక మొదలుపెట్టాలి. ఈ నాలుగూ చేసిన గదిలో వెయ్యి రూపాయల మైకు పదివేల మైకులా పని చేస్తుంది.

చాటు వేరు, దొంగచాటు వేరు

కనపడని మైకు అన్నప్పుడు మూడు రకాల చాటు ఉంది. చూసేవాడి కంటికి చాటు, అది అందం. మాట్లాడేవాడి ధ్యాసకు చాటు, అది సహజత్వం. మాట్లాడేవాడి ఎరుకకే చాటు, అది దొంగతనం. ఈ వ్యాసంలో చెప్పిన చిట్కాలన్నీ మొదటి రెంటి కోసమే. రేబాన్ మెటా కళ్లద్దాల్లాంటి పరికరాల్లో ఐదు మైకులు దాగి ఉంటాయి. వీడియో తీస్తున్నప్పుడు ఎదుటివారికి కనపడేలా ఒక దీపం వెలిగే ఏర్పాటు వాటిని తయారుచేసినవాళ్లే పెట్టాల్సి వచ్చింది. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. చట్టం సంగతి అలా ఉంచినా, చెప్పకుండా రికార్డు చేశామని తెలిసిన రోజున ఆ మనిషి మళ్లీ మన ముందు నోరు విప్పదు. గొంతును ఇంటర్నెట్ మీది సర్వీసుకు పంపుతున్నామా, సొంత కంప్యూటర్‌లోనే మారుస్తున్నామా అన్నది కూడా ముందే చెప్పాలి. విస్పర్ లాంటివి ఇంట్లోని కంప్యూటర్ మీదే నడుస్తాయి కాబట్టి ఇంటి కబుర్లకు ఆ దారే క్షేమం.

చివరగా

బొమ్మ అక్కర్లేదు, అక్షరాలే కావాలనుకుంటే హెడ్‌సెట్ కొనండి, ఇంకేమీ ఆలోచించొద్దు. బొమ్మా అక్షరాలూ రెండూ కావాలి, మనిషి ఒకచోట కూర్చుంటాడు అంటే వైరున్న కాలర్ మైకు. మనిషి తిరుగుతాడు, లేదా ఇద్దరున్నారు అంటే తనలో తాను రికార్డు చేసుకునే చిన్న వైర్‌లెస్ జత. ఒంటికి ఏదీ తగిలించుకోను అనేవారికి తలపైన వేలాడే షాట్‌గన్. కెమెరా మీద కూర్చున్న మైకును, అది ఏ కంపెనీదైనా సరే, అక్షరాల కోసం నమ్మొద్దు.

మూడో రోజు మా పెద్దమ్మకు మైకు చూపించి, ఎక్కడ పెడుతున్నానో చెప్పి, మా చెల్లెలి చేత జాకెట్టు అంచుకు లోపల టేపు వేయించాను. వైరు వెనక నుంచి దిగింది. ఫ్యాను ఆపి, విసనకర్ర ఇచ్చాను. మొదటి పది నిమిషాలు ఊరికే చిక్కుడుకాయలు వలుస్తూ మాట్లాడుకున్నాం. ఆ పది నిమిషాల్లో మైకు సంగతి ఆమె మరిచిపోయింది. తర్వాత గంటన్నర చెప్పింది. కుంచం కుంచంగానే వచ్చింది, గడ్డివాము నిలబడింది. విసనకర్ర చప్పుడు అక్కడక్కడా వినపడుతుంది, దాన్ని తీసేయలేదు.

మీ ఇంట్లోనూ అలాంటి గొంతు ఒకటి ఉంటే, మంచి మైకు కొన్నాక చూద్దామని వాయిదా వేయకండి. వెయ్యి రూపాయల మైకూ, ఆపిన ఫ్యానూ చాలు.